నాన్న పోయాక అమ్మ పూలు మానేసింది. నా పెళ్ళికైనా పెట్టుకోమని ఎలా అడగాలి?

జాజితీగ:

అందరికీ నమస్కారం. మాది మండపేట దగ్గర పల్లెటూరు. మే మొదటి వారంలో నా పెళ్ళి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఇంటికొచ్చి పనులు చూసుకుంటున్నాను. మండపం, వంటవాళ్ళు, చీరలు అన్నీ ఒక దారికొచ్చాయి. ఒక్క సంగతి మాత్రం ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నాన్న మండపేటలో ఒక రైసు మిల్లులో గుమాస్తా. శనివారం సాయంత్రం బట్వాడా. ఆ రోజు టీవీఎస్ మీద వస్తూ రెండు పొట్లాలు తెచ్చేవారు. ఒకటి పూలు, ఒకటి తాపేశ్వరం కాజా. మల్లెల కాలంలో రెండు మూరల మల్లెపూలు, చలికాలంలో కాగడాలు, అవీ దొరక్కపోతే మరువం కలిపి కట్టిన కనకాంబరాలు. నాకూ తమ్ముడికీ చిన్న కాజాలు విడిగా ఉండేవి. పెద్దది ఒక్కటే, అది వాళ్ళిద్దరిదీ.

పూల పొట్లం అమ్మ చేతికి ఇచ్చేవారు కాదు. వంటింటి గుమ్మం పక్కన ఒక మేకు ఉంది. దానికి తగిలించి, కాళ్ళు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళిపోయేవారు. అమ్మ కూడా వెంటనే తీసేది కాదు. పొయ్యి మీది కూర దించి, చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, అప్పుడు విప్పేది. ఆకు విప్పిన చప్పుడు వినపడగానే నాన్న నూతి దగ్గర నుంచే "చాలా?" అనేవారు. "ఎందుకిన్ని?" అనేది అమ్మ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రతి శనివారం ఇవే రెండు మాటలు.

బస్టాండు దగ్గర పూలమ్మే మామ్మగారి మూర బాగా చిన్నదని, "నా చేత్తో కొలువు మామ్మా" అని నాన్న చెయ్యి చాపేవారట. నాన్నది పొడుగు చెయ్యి. "రెండు మూరలంటే మా ఆయన మూరలు" అని అమ్మ పక్కింటివాళ్ళకి చెప్పుకునేది.

భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని కాజా విరిచేవారు. మడత కాజా తిన్నవాళ్ళకి తెలుసు, కాకినాడ గొట్టం కాజాలా ఉండదు అది. పొరలు పొరలుగా ఊడొస్తుంది, లోపలికి పోయేకొద్దీ పాకం ఎక్కువ. పై పొరలు నాన్న తిని, నడిమి ముక్క అమ్మకిచ్చేవారు. ప్రేమ అనే మాట వాళ్ళిద్దరి నోటా నేనెప్పుడూ వినలేదు.

నాలుగేళ్ళ క్రితం అక్టోబరులో నాన్న గుండెపోటుతో పోయారు. పదో రోజు సంగతి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు. ఇదే ఆఖరిసారని అమ్మకి తలనిండా చేమంతులు పెట్టారు, చేతులనిండా గాజులు వేశారు. కాసేపటికి అన్నీ తీసేశారు. తీసింది పరాయివాళ్ళు కాదు, అమ్మంటే ప్రాణం పెట్టే మా మేనత్త. ఆవిడా ఏడుస్తూనే తీసింది. నేను అడ్డం వెళ్ళలేదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. అడ్డం వెళ్ళొచ్చని కూడా తోచలేదు.

మా ఇంటి ముందు సన్నజాజి పందిరి ఉంది. మొక్కగా ఉన్నప్పుడు నాన్నే కడియం నుంచి తెచ్చారు. అమ్మ రోజూ సాయంత్రం మొగ్గలు కోస్తుంది, అరటినారతో మాల కడుతుంది, దేవుడికి పెట్టి మిగిలింది వీధిలో ఆడపిల్లలకి పంచుతుంది. మా వీధిలో అమ్మంత దగ్గరగా మాల కట్టేవాళ్ళు లేరు. తన తలలో మాత్రం ఒక్క మొగ్గ కూడా పెట్టుకోదు. కాజా కూడా ముట్టుకోదు. అడిగితే షుగరు వస్తుందేమో అంటుంది. రెండుసార్లు పరీక్ష చేయించాను, షుగరు లేదు.

కన్యాదానం బాబాయీ పిన్నీ చేస్తున్నారు. దానికి అమ్మే ముందు ఒప్పుకుంది, నాకూ బాధ లేదు. కానీ మొన్న ఆదివారం చీరలు మడతపెడుతూ, "తలంబ్రాల టైముకి నేను వెనకాల ఎక్కడో నుంచుంటాలే, ఎదురుగా రాను" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పెళ్ళి రోజు అమ్మ తలలో పూలుండాలి, తలంబ్రాలప్పుడు నాకు ఎదురుగా ఉండాలి. అంతే నా కోరిక. కాబోయే ఆయనకి చెప్పాను, "అత్తయ్యగారు పెట్టుకుంటే నాకు సంతోషమే" అన్నారు. వాళ్ళ నాయనమ్మగారు ఏమంటారోనని మాత్రం టెన్షన్‌గా ఉంది. మీ ఇళ్ళల్లో ఎవరైనా ఇలా అడిగారా? ఎలా అడిగారు? అమ్మ మనసు నొచ్చుకోకుండా ఎలా మొదలుపెట్టాలి?

తెనాలి టీచరమ్మ:

అమ్మాయీ, నేను 2011లో భర్తను పోగొట్టుకున్నాను. ఇప్పుడు రిటైరయ్యాను. రోజూ పూలు పెట్టుకుంటాను. అందుకే నీకు రాసే హక్కు ఉందనుకుంటున్నాను.

తాళి, మెట్టెలు పెళ్ళితో వచ్చాయి. పూలు అలా రాలేదు. ఐదో ఏట మా అమ్మ రెండు జడలు వేసి కనకాంబరాలు పెట్టింది. బొట్టు అంతకంటే ముందే పెట్టింది. మా ఆయన ఇవ్వనివి ఆయనతో పాటు ఎందుకు పోవాలని నాకు నేను చెప్పుకోవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఏం చేశానో తెలుసా? రాత్రిళ్ళు నాలుగు మల్లెలు దిండు పక్కన పెట్టుకుని పడుకునేదాన్ని. తెల్లారగానే ఎవరూ చూడకుండా పెరట్లో పారేసేదాన్ని. మల్లెల వాసన లేకుండా ఎండాకాలం గడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మీ అమ్మగారు కూడా ఆ మాలలు కట్టేటప్పుడు వాసన చూసుకుంటూనే ఉంటారు.

నువ్వు చదువుకున్న పిల్లవి, ఇదొక ఉద్యమంలా మొదలుపెట్టకు. మీ ఊరికి గంట ప్రయాణంలో ఉన్న రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. 2022 మే నెలలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలోని హేర్వాడ్ పంచాయతీ, భర్త పోయిన ఆడవాళ్ళకి గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం మానేయాలని తీర్మానం చేసింది. అక్కడి ప్రభుత్వం మిగతా పంచాయతీలనూ అలాగే చెయ్యమంది. ఇవన్నీ నీకు ధైర్యం కోసం చెబుతున్నాను, మీ అమ్మకి వినిపించడానికి కాదు. "వీరేశలింగంగారు అన్నారు కాబట్టి పెట్టుకో" అంటే ఆవిడ పెట్టుకోదు. "నువ్వు పెట్టుకుంటే చూడాలని ఉందమ్మా" అంటే ఏమో!

ఇంకో మాట. ఒక్కతే ఉన్నప్పుడు అడుగు. మీ పిన్ని ముందు వద్దు, తమ్ముడి ముందు కూడా వద్దు.

ఓరుగల్లు అన్న:

చెల్లె, నేను కొంచెం వేరే మాట చెప్తా, తప్పుగా అనుకోకు.

మా దగ్గరి చుట్టాల పెళ్ళిలో పిల్ల నీలాగనే ముచ్చటపడి, స్టేజీ మీదనే అందరి ముందు తల్లి తలలో పూలు పెట్టింది. పిల్ల మనసు మంచిదే. కానీ ఆ తల్లికి ముందుగా ఏమీ చెప్పలేదు. వెనక కుర్చీల నుంచి ఎవరో ఒక మాట అన్నారు, గట్టిగానే అన్నారు. ఆమె రూములోకి పోయి తలుపు వేసుకుంది. అప్పగింతల దాకా బయటకు రాలేదు. ఆ పెళ్ళి ఫోటోలల్ల తల్లి ఎక్కడా లేదు. పిల్ల ఇప్పటికీ ఆ ఆల్బం తెరవదు.

నేను పూలు వద్దు అంటలేను. మా అమ్మ కూడా ఒక్కతే. మా వాడకట్టులో ఆమె ప్రతి ఏడు బతుకమ్మ పేరుస్తది, తంగేడు, గునుగు తెచ్చి అందరికంటే ఎత్తుగా పేరుస్తది, ఆడుతది, మలీద ముద్దలు పంచుతది. ఎవరూ ఏమీ అనరు. మొదటి ఏడు ఆమె కూడా గడప దాటలేదు. రెండో ఏడు పక్కింటి అత్త వచ్చి చెయ్యి పట్టి తీసుకపోయింది. నేను చెప్పి ఉంటే పోయేది కాదు. కొడుకుకు, బిడ్డకు సాధ్యం కానిది ఒక్కోసారి ఈడు మనిషికి సాధ్యమైతది. మీ అమ్మకు అట్లాంటి దోస్తు ఎవరన్న ఉన్నారా? లేదంటే పూలు తీసిన మీ మేనత్తనే అడుగు. ఆమె చేతితోనే మళ్ళీ పెట్టమను.

జాజితీగ:

అన్నా, మీ చివరి మాట నాలుగుసార్లు చదివాను. మేనత్త గురించి అలా ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు నుంచి ఆవిడ మా ఇంటికొస్తే జాజిపందిరి కింద కూర్చోదు, లోపలికి వెళ్ళిపోతుంది. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది. రేపు ఫోను చేస్తాను.

టీచరమ్మగారూ, దిండు పక్కన పూల సంగతి చదివి ఆఫీసులోనే ఏడ్చేశాను. మా అమ్మ పడుకునే చోట నేనెప్పుడూ వెతకలేదు. వెతకను కూడా.

మధురలో తెలుగు:

చెల్లీ, మేము తరాలుగా మధురలో ఉంటున్న తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మీ నాన్నగారి రెండు పొట్లాల సంగతి చదివి నవ్వొచ్చింది, కళ్ళు చెమర్చాయి. ఎందుకంటే ఇక్కడ కూడా అవే రెండు పొట్లాలు. మల్లిగైప్పూ, అల్వా. అంటే మల్లెపూలు, హల్వా. మగవాడు సాయంత్రం ఆ రెండూ పట్టుకుని వీధిలో నడిచొస్తుంటే అరుగుల మీదవాళ్ళంతా నవ్వుతూ చూస్తారు, ఏమీ అడగక్కర్లేదు. మధుర మల్లికి 2013లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి ప్రత్యేకత అని చెప్పే గుర్తింపు వచ్చింది. రేకు మందం, కాడ గట్టి, రాత్రంతా వాసన పోదు. హల్వా అంటే తిరునెల్వేలి హల్వా. గోధుమలు నానబెట్టి, రుబ్బి, వాటి పాలు పిండుకుని, నేతిలో గంటలకొద్దీ తిప్పి చేస్తారు. అరటాకు ముక్కలో పెట్టి ఇస్తారు, వేడిగా ఉండగానే నోట్లోకి జారిపోతుంది.

మా మామగారు పోయాక మా అత్తగారు కూడా పూలు మానేశారు. మేమంతా చెప్పి చూశాం, వినలేదు. ఒకసారి శ్రీవిల్లిపుత్తూరు తీసుకెళ్ళాం. ఆండాళ్ కథ నీకు తెలిసిందే. స్వామికి కట్టిన మాల ముందు తను ముడుచుకుని అద్దంలో చూసుకునేది. తండ్రి కోప్పడి వేరే మాల తీసుకెళితే, స్వామి ఆ పిల్ల ముడిచిన మాలే కావాలన్నాడు. ఇప్పటికీ బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజుకి ఆండాళ్ మాల తిరుమలకి వెళుతుంది. చిత్తిరై పండగలో వైగై నదిలోకి దిగే మా కళ్ళళగర్ స్వామికీ ఆవిడ మాలే వస్తుంది. గుడిలో అర్చకులు మా అత్తగారి చేతిలో ప్రసాదం పూలు పెట్టారు. ఆవిడ వాటివైపు కాసేపు చూసి, కళ్ళకద్దుకుని కొప్పులో పెట్టుకున్నారు. ఎవరం ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంటికొచ్చేదాకా తీయలేదు. ఇప్పుడు గుడికెళ్ళిన ప్రతిసారీ పెట్టుకుంటారు. బజారు పూలు మాత్రం ఇప్పటికీ వద్దంటారు, మేమూ బలవంతం చెయ్యం.

మీ ఊరి అమ్మవారి గుడి నుంచి పెళ్ళి రోజు పొద్దున ప్రసాదం పూలు తెప్పించు. అబ్బాయి వాళ్ళ నాయనమ్మగారు కూడా అమ్మవారి పూలని ఏమీ అనలేరు.

పుల్లంక పూలబ్బాయి:

అక్కా నమస్తే. మాది కడియపులంక. పూల మార్కెట్లో పని చేస్తాను. పెద్ద పెద్ద మాటలు నాకు రావు, పూల గురించి చెబుతాను.

మీ ముహూర్తం ఎప్పుడో రాయలేదు. రాత్రి ముహూర్తమైతే మల్లెలంత మంచివి లేవు. మొగ్గ తెల్లారకముందే కోస్తారు, పొద్దెక్కాక కోస్తే సాయంత్రానికి సరిగ్గా విచ్చదు. ఆరు, ఏడు గంటల మధ్య విచ్చడం మొదలవుతుంది, వాసన కూడా అప్పుడే. కాబట్టి అమ్మగారికి మాల మొగ్గల మీదే కట్టాలి, నాలుగైదు గంటలకి పెట్టాలి. అందరూ చేసే తప్పు ఏంటంటే, పొద్దున్నే తెచ్చి నీళ్ళు చల్లి కవరులో మూటగట్టి ఫ్రిజ్‌లో పడేస్తారు. బయటికి తీసిన కాసేపటికే మొగ్గ ఎర్రబడిపోతుంది. పల్చటి గుడ్డ తడిపి గట్టిగా పిండి, అందులో చుట్టి, పైన అరటాకు వేసి నీడన పెట్టండి చాలు.

పొద్దున ముహూర్తమైతే మల్లెలు పెట్టకండి. ముందురోజువి వాడిపోయి ఉంటాయి, ఆ రోజువి మొగ్గగానే ఉంటాయి. కనకాంబరాలు పెట్టండి. వాసన ఉండదు గానీ రెండు రోజులైనా రంగు పోదు, తలలో బరువుండదు. చాలా రోజుల తర్వాత పెట్టుకునేవాళ్ళకి తేలిగ్గా ఉండడం ముఖ్యం అక్కా. మధ్యలో కాస్త మరువం వేస్తే వాసనకి వాసన.

మా అమ్మ కూడా పూలమ్మే మనిషే. నాన్న పోయాక పదిహేనేళ్ళు బుట్ట ఎత్తుకుని ఊరందరికీ పూలు అమ్మింది, తను పెట్టుకోలేదు. నేను ఒక్కసారి కూడా అడగలేదు. మీరు అడగండి అక్కా.

మీ నాన్నగారు మొక్క తెచ్చింది మా కడియం నుంచే అని రాశారు కదా. జాజితీగకి పూత అయిపోయాక కొమ్మలు కత్తిరించమనండి. మళ్ళీ బాగా పూస్తుంది.

జాజితీగ (పది రోజుల తర్వాత):

అందరికీ జవాబు ఆలస్యమైంది. ఊరెళ్ళి నిన్ననే వచ్చాను. తమ్ముడూ, ముహూర్తం రాత్రి తొమ్మిదిన్నరకి, కాబట్టి మల్లెలే.

శనివారం మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా పూలమ్మే మామ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఇప్పుడు లేరు, కోడలు కూర్చుంటోంది. విడి మొగ్గలు కొన్నాను. ఆటో మాట్లాడుకుని తాపేశ్వరం వెళ్ళి ఒక పెద్ద కాజా తీసుకున్నాను. ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో వంకాయ కూర చేస్తోంది. పూల పొట్లం ఆ మేకుకి తగిలించాను. నాలుగేళ్ళుగా దానికి పాల సంచీ వేలాడుతోంది, అది తీసి కింద పెట్టాను. ఏమీ చెప్పకుండా నూతి దగ్గరికి వెళ్ళాను.

కూర దించిన చప్పుడు వినిపించింది. చేతులు కడుక్కున్న చప్పుడు వినిపించింది. ఆకు విప్పిన చప్పుడు కూడా వినిపించింది. "చాలా?" అని అడుగుదామనుకున్నాను. గొంతు పెగల్లేదు. చాలాసేపు ఇద్దరం అలాగే ఉన్నాం. తర్వాత అమ్మ ఆ పొట్లం, అరటినార పట్టుకుని అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

అప్పుడు అడిగాను. టీచరమ్మగారు చెప్పినట్టే అడిగాను. అమ్మ తల ఎత్తలేదు, మొగ్గలు పేర్చుకుంటూనే ఉంది. "మండపంలో వద్దు" అంది. "మీ అత్తగారివాళ్ళ ముందు నాకు ఇబ్బందిగా ఉంటుంది, నన్ను బలవంతపెట్టకు." సరేనన్నాను. నిజంగా సరేననే అనుకున్నాను. కాసేపాగి తనే అంది, "నిన్ను పెళ్ళికూతుర్ని చేసే రోజు ఇంట్లోనేగా. ఆ రోజు పెట్టుకుంటాను. అది కూడా ఈ పందిరి పూలే, చిటికెడు." తలంబ్రాలప్పుడు ఎదురుగా ఉంటానని మాత్రం మాటిచ్చింది.

మేనత్తకి ముందే ఫోను చేశాను. పెళ్ళికూతుర్ని చేసే రోజు తెల్లారేసరికి వస్తానంది, తనే దువ్వి జడ వేస్తానంది. ఆ మాట అమ్మకి చెబితే, "దానికి జడ వెయ్యడం ఎప్పుడొచ్చిందని" అంది. ఆ గొంతు నేను నాలుగేళ్ళుగా వినలేదు.

అమ్మవారి ప్రసాదం పూలు కూడా తెప్పిస్తున్నాను అక్కా. మండపంలో పళ్ళెంలో పెట్టి ఉంచుతాను. అమ్మ తీసుకున్నా సంతోషమే, తీసుకోకపోయినా సంతోషమే.

భోజనాలయ్యాక కాజా విరిచింది. పై పొరలు తను తిని, నడిమి ముక్క నాకిచ్చింది.

మాల పూర్తయ్యాక మోచేతి మీద కొలిచింది. సరిగ్గా రెండు మూరలొచ్చింది. మళ్ళీ ఒకసారి కొలిచి, "మీ నాన్న చేత్తో అయితే ఇంకా నాలుగు వేళ్ళు తక్కువే" అంది. పొట్లంలో మల్లెమొగ్గలు అయిపోయాయి. లేచి పందిరి దగ్గరికి వెళ్ళి, చీకట్లో తడుముకుంటూ గుప్పెడు జాజిమొగ్గలు కోసుకొచ్చి, ఆ నాలుగు వేళ్ళూ వాటితో కట్టింది.